ఖతా వేరు, కసూర్ వేరు

నిద్ర పట్టని రాత్రుళ్లు కొందరు గజల్స్ వింటారు. నేను విమాన ప్రమాదాల రిపోర్టులు చదువుతాను. ఎందుకీ షౌక్ అని మా ఇంట్లో నవ్వుతారు. ఎందుకో ఇవాళ చెప్తాను.

అమెరికాలో ఎన్టీఎస్‌బీ అనే తహ్‌కీకాత్ సంస్థ ఉంది. పెద్ద విమానాల ప్రమాదాలతో పాటు, ఒక ఇంజినూ రెండో నాలుగో సీట్లూ ఉండే బుల్లి విమానాల ప్రమాదాల మీద కూడా రిపోర్టు రాసి అందరూ చదివేలా పెడుతుంది. ఆ రిపోర్టుల్లో ఒక వాక్యం మళ్లీ మళ్లీ వస్తుంది. దిగి పరిగెత్తుతున్న విమానం దిశను పైలట్ అదుపులో ఉంచలేకపోయాడు, అదే సంభావ్య కారణం అని. ఊరు మారుతుంది, తేదీ మారుతుంది, విమానం మారుతుంది. వాక్యం మాత్రం దాదాపు అదే.

మొదట్లో చదివినప్పుడు అందులో నాకేమీ తేడా అనిపించలేదు. తర్వాత ఒక సవాల్ పుట్టింది. విమానం రన్‌వే మీద నుంచి పక్కకు పోయిందంటే దిశ అదుపు తప్పినట్టే కదా. ఇది కారణమా, లేక జరిగిందే ఇంకో మాటలో చెప్పడమా? జ్వరం ఎందుకొచ్చింది డాక్టర్ సాబ్ అంటే ఒళ్లు వేడెక్కడం వల్ల అన్నట్టు లేదూ?

నేను పదో తరగతి దాకా ఉర్దూ మీడియంలో చదివాను. డిగ్రీలో తెలుగు తీసుకున్నాను. రెండు జబాన్ల మధ్య బతికేవాడికి ఒక అలవాటు ఉంటుంది. ఒక దాంట్లో ఉన్న లఫ్జ్ ఇంకో దాంట్లో ఏమైపోయిందా అని వెతుక్కుంటాడు. ఉర్దూలో గలతీ ఉంది, ఖతా ఉంది, కసూర్ ఉంది, జుర్మ్ ఉంది. ఒకదాని కంటే ఒకటి బరువు. చెయ్యి జారితే ఖతా. దానికి నువ్వు జవాబుదారీ అయితే కసూర్. కావాలని చేస్తే జుర్మ్. తెలుగులో ఈ మాటలు లేవని కాదు. పొరపాటు ఉంది, లోపం ఉంది, నేరం ఉంది. కానీ తెలుగు పేపర్ డెస్క్ మీదికి వచ్చేసరికి అన్నీ కలిసి ఒక్క ‘తప్పు’ అయిపోతాయి. హెడ్డింగ్ కాస్త గట్టిగా ఉండాలంటే ‘తప్పిదం’. ఇంకా గట్టిగా ఉండాలంటే ‘నిర్లక్ష్యం’.

ఆ ‘నిర్లక్ష్యం’ అనే మాట ఒకసారి నా చేత్తోనే రాశాను.

పదిహేనేళ్లు దాటింది. అప్పుడు నేను ఒక జిల్లా ఎడిషన్‌లో ఉన్నాను. ఒక సాయంత్రం ఫోనొచ్చింది. ఎయిర్‌స్ట్రిప్‌లో ట్రైనింగ్ విమానం రన్‌వే దిగి గడ్డిలోకి పోయిందట. ముందు చక్రం విరిగింది, ప్రొపెల్లర్ వంగింది. లోపల ఉన్నది ఒక్కడే, స్టూడెంట్. గీత కూడా పడలేదు, షుకర్ హై. అక్కడున్న ఎవరో ఆఫీసర్ ఒక్క ముక్క చెప్పాడు: “కంట్రోల్ తప్పాడు.” నాకు అది చాలు. ఎడిషన్ టైమ్ దగ్గర పడింది. ‘శిక్షణ పైలట్ నిర్లక్ష్యం, రన్‌వే దాటిన విమానం’ అని హెడ్డింగ్ పెట్టాను. మొదటి పేరాలోనే ఆ అబ్బాయి పూర్తి పేరు రాశాను, తండ్రి పేరుతో సహా. వాడు మన ఖౌమ్ పిల్లాడు. మన పిల్లాడు విమానం నడుపుతున్నాడంటే చదువుతారని కూడా మనసులో ఎక్కడో ఉంది. అబద్ధం ఎందుకు చెప్పాలి?

వారం తర్వాత వాళ్ల అబ్బా ఆఫీసుకొచ్చారు. పేపర్ కటింగ్ నాలుగు మడతలు పెట్టి షేర్వానీ జేబులో తెచ్చారు. గట్టిగా ఒక్క మాట అనలేదు. “భాయీ, మా వాడు తప్పు చేసిండా, మాకు తెల్వదు. దర్యాప్తు చేసేటోళ్లు ఇంకా రాలేదు. మీకెట్ల తెలిసింది?” అన్నారు. నా దగ్గర జవాబ్ లేదు. చాయ్ తెప్పించాను. తాగకుండా వెళ్లిపోయారు.

ఆ అబ్బాయిని తర్వాత నేనే వెతుక్కుంటూ వెళ్లి కలిశాను. ఆ రోజు ఏమైందో వాడు చెప్పింది అర్థం చేసుకోవాలంటే విమానం దిగడమంటే ఏమిటో కొంచెం తెలియాలి.

చక్రాలు నేలను తాకితే దిగడం అయిపోయిందని మనం అనుకుంటాం. పైలట్‌కు అసలు ఇమ్తిహాన్ అక్కడ మొదలవుతుంది. గాలి ఎదురుగా వస్తే ఫికర్ లేదు. పక్కనుంచి వస్తే విమానాన్ని రన్‌వే మీద నుంచి నెట్టేస్తుంది. అందుకని ముక్కును కొంచెం గాలి వైపు తిప్పి, పీత నడిచినట్టు ఓరగా వస్తారు. అదే ఓరతో నేలను తాకితే చక్రాల మీద పక్కబలం పడుతుంది. కాబట్టి ఆఖరి క్షణాల్లో కాళ్ల కింది రడ్డర్ పెడల్ తొక్కి ముక్కును రన్‌వేకు సీదా చేయాలి. అదే సమయంలో గాలి వచ్చే వైపు రెక్కను చేత్తో కాస్త కిందికి వంచి పట్టుకోవాలి. కాళ్లది ఒక పని, చేతులది ఒక పని, కళ్లు మాత్రం రన్‌వే చివర.

చక్రాలు తాకిన తర్వాతి కొన్ని సెకన్లు మరీ నాజూకు. వేగం తగ్గేకొద్దీ రడ్డర్ మీద గాలి తగ్గుతుంది, దాని తాకత్ పోతుంది. మరోపక్క రెక్కలు ఇంకా కొంత బరువు మోస్తూనే ఉంటాయి గనక చక్రాలు నేలను గట్టిగా పట్టవు, బ్రేకులూ పూర్తిగా పనిచేయవు. ఆస్మాన్ చెయ్యి వదిలేసింది, జమీన్ ఇంకా చెయ్యి అందుకోలేదు. సరిగ్గా అప్పుడే వెనకాల నిలువుగా ఉండే తోకను పక్కగాలి తోస్తుంది. తోక ఒక వైపు జరిగితే ముక్కు గాలి వైపు తిరుగుతుంది. ఇంటి మీద పెట్టే గాలికోడి తిరిగినట్టే.

పాతకాలపు విమానాలకు ఇంకో ముసీబత్ కూడా ఉంది. వాటికి చిన్న చక్రం తోక కింద ఉంటుంది. బరువు కేంద్రం పెద్ద చక్రాలకు వెనక పడుతుంది. తోపుడు బండిని తాడు కట్టి ముందుకు లాగితే సీదాగా వస్తుంది. వెనక నుంచి నెడితే కొంచెం వంకర పోయినా ఆ వంకర పెరుగుతూ పోతుంది. తోకచక్రం విమానం ఆ రెండో బండి లాంటిది. వెంటనే సరిదిద్దకపోతే గిర్రున తిరిగిపోతుంది. అందుకే అమెరికాలో 1991 నుంచి అలాంటి విమానం నడపాలంటే విడిగా తాలీమ్ తీసుకుని ఉస్తాద్ సంతకం తెచ్చుకోవాలనే నియమం పెట్టారు. ఇప్పటి ట్రైనింగ్ విమానాల్లో ఎక్కువ వాటికి చిన్న చక్రం ముందు ఉంటుంది, అవి నయం. కానీ ముందు చక్రం కూడా పక్కగాలిని ఆపలేదు.

1956లో మార్కెట్‌లోకి వచ్చిన సెస్నా 172ను తీసుకోండి. ఇప్పటిదాకా 44,000 పైగా తయారయ్యాయి, ప్రపంచంలో ఇన్ని తయారైన విమానం ఇంకోటి లేదు. దాని హ్యాండ్‌బుక్‌లో పక్కగాలికి 15 నాట్స్ అని ఒక అంకె ఉంటుంది, అంటే గంటకు దాదాపు 28 కిలోమీటర్లు. చాలామంది దాన్ని హద్దు అనుకుంటారు. కాదు. టెస్ట్ పైలట్ అంత గాలిలో దిగి చూపించాడని మాత్రమే దాని మత్లబ్. నిన్నగాక మొన్న ఒంటరిగా ఎగరడం మొదలెట్టిన షాగిర్ద్‌కు అది హామీ కాదు.

ఇప్పుడు ఆ అబ్బాయి మాట వినండి. “బయల్దేరినప్పుడు గాలి ఠీక్ ఉండె చాచా. మూడో రౌండుకు ఎడమ నుంచి లేచింది. ఉన్నది ఒకటే రన్‌వే, ఇంకో దిక్కు దిగే రాస్తా లేదు. దిగిన. చక్రాలు తాకినయ్. అల్హమ్దులిల్లాహ్ అనుకున్న. అనుకుని కాళ్లు ఢీలా వదిలిన. అంతే.” కాసేపు ఊరుకుని మళ్లీ అన్నాడు: “అది నా ఖతానే చాచా. నేను కాదంటలేను. కానీ నిర్లక్ష్యం కాదు. నిర్లక్ష్యం ఉన్నోడు అల్హమ్దులిల్లాహ్ ఎందుకంటడు?”

ఆ ఒక్క మాటతో నా హెడ్డింగ్ మొత్తం కూలిపోయింది. ‘నిర్లక్ష్యం’ అని నేను రాసిన చోట ఎన్ని సవాళ్లు ఉన్నాయో చూడండి. గాలి మారిన సంగతి కిందున్న వాళ్లు వాడికి చెప్పారా? అన్ని గంటల అనుభవానికి ఎంత గాలి దాకా ఒంటరిగా పంపాలి, ఆ అంకె ఎవరు పెట్టారు? పక్కగాలిలో దిగడం ఉస్తాద్ పక్కన కూర్చోబెట్టుకుని ఎన్నిసార్లు చేయించాడు? దిగడం కుదరదనిపిస్తే మళ్లీ పైకి లేచిపోవచ్చనీ, అందులో సిగ్గు లేదనీ ఎవరైనా చెప్పారా? చక్రాలు తాకాక కూడా పార్కింగ్ దాకా కాళ్లు వదలొద్దని ఎంత గట్టిగా చెప్పారు? ఇందులో ఒక్క సవాల్ కూడా నేను అడగలేదు. ‘ఎవరు’ అని ఒక్కటి అడిగి పేజీ పంపేశాను.

మనవాళ్లు గర్వంగా చెప్పుకునే ఒక కథ ఉంది. తొమ్మిదో శతాబ్దంలో కొర్డోబాలో అబ్బాస్ ఇబ్నె ఫిర్నాస్ రెక్కలు కట్టుకుని ఎగిరాడని. చంద్రుడి మీద ఒక గుంటకు ఆయన పేరు పెట్టారు, బాగ్దాద్‌లో ఎయిర్‌పోర్టు దారిలో ఆయన విగ్రహం ఉంది. జల్సాల్లో ఈ కథ ఎగరడంతోనే ఆగిపోతుంది. కానీ దీన్ని మనకు అందించిన పదిహేడో శతాబ్దపు ముఅర్రిఖ్ అల్ మక్కరీ, దిగడం గురించి కూడా రాశాడు. దిగేటప్పుడు ఆయన వీపుకు దెబ్బ తగిలిందట. పక్షి దిగేటప్పుడు తోక మీద ఆధారపడుతుందని ఆయనకు తెలియలేదు, తోక అమర్చుకోలేదు అంటాడు మక్కరీ. ఏడు వందల ఏళ్లు దాటిన తర్వాత రాసిన మాట గనక ఎంతవరకు నిజమన్నది వేరే బహస్. నాకు ఆ వాక్యం ఇష్టం. అందులో ఇల్జామ్ లేదు. ఏది లేకపోవడం వల్ల ఇలా అయిందో ఉంది. అది చదివిన తర్వాతివాడు తోక పెట్టుకోవచ్చు. నా హెడ్డింగ్ చదివి ఎవడు ఏం పెట్టుకోగలడు?

విమానాల దునియా ఈ తేడాను కానూన్‌లోనే రాసుకుంది. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ నియమాల్లో అనెక్స్ 13 అని ఒకటి ఉంది. దర్యాప్తు ఏకైక మక్సద్ ఇంకో ప్రమాదం జరగకుండా చూడడమే, నింద పంచడం కాదు అని అది చెప్తుంది. మన దేశంలో 2012లో ఏఏఐబీ ఏర్పడింది. దర్యాప్తులకు సంబంధించిన 2017 నియమాల్లో కూడా ఇదే మాట ఉంది. అమెరికాలోనైతే ఎన్టీఎస్‌బీ తేల్చిన కారణాన్ని నష్టపరిహారం దావాల్లో గవాహీగా వాడుకోవడానికి వీల్లేదు. అందుకే నేను మొదట చెప్పిన ఆ ఒక్క వాక్యాన్ని ఫైసలాలా చదవకూడదు. తహ్‌కీకాత్ దాని పై పేజీల్లో ఉంటుంది. గాలి ఎంత, ఎటు నుంచి, పైలట్‌కు ఎన్ని గంటలు, బ్రేకులు ఎలా ఉన్నాయి, టైర్ గుర్తులు ఎక్కడ మొదలయ్యాయి. మన పేపర్లు ఆఖరి వాక్యం తీసుకుని పై పేజీలు పారేస్తాయి.

2023 సెప్టెంబర్ 14న విశాఖపట్నం నుంచి ముంబయి వెళ్లిన ఒక చిన్న జెట్, లియర్‌జెట్ 45, వానలో దిగుతూ రన్‌వే పక్కకు పోయింది. లోపల ఎనిమిది మంది. విజిబిలిటీ 700 మీటర్లకు పడిపోయిందని అధికారులు చెప్పారు. ఎవరి ప్రాణం పోలేదు. ఆ సాయంత్రం నేనున్న న్యూస్‌రూమ్‌లో లేచిన మొదటి సవాల్ వాన గురించి కాదు, తడి రన్‌వే గురించీ కాదు. “పైలట్ ఎవరు?” అన్నారు. పదిహేనేళ్ల కింద నేను అడిగిందే.

‘ఎవరు’ అనే సవాల్‌కు మనలాంటి వాళ్లింట్లో ఇంకో బరువు ఉంటుంది. 2023 జూన్‌లో బాలాసోర్ రైలు ప్రమాదం అయినప్పుడు ఏమైందో గుర్తుందా? శవాలు ఇంకా లెక్క తేలలేదు, ఈలోగా ఫోన్లలో ఒక ఫోటో తిరిగింది. పట్టాల పక్కన మసీదు ఉందట. అది మసీదు కాదు, ఇస్కాన్ మందిరం. తర్వాత షరీఫ్ అనే స్టేషన్ మాస్టర్ పరారీ అన్నారు. అదీ అబద్ధమే. మజ్హబీ రంగు పూయొద్దని ఒడిశా పోలీసులే హెచ్చరించాల్సి వచ్చింది. ఇలాంటి జమానాలో ఒక ముస్లిం పిల్లాడి చేతిలో విమానం పక్కకు పోతే, మొదటి పేరాలో వాడి పేరు రాయడమంటే ఏమిటి? ఖతాను కసూర్ చేశాను. దాన్ని జుర్మ్ చేసే పని చదివేవాళ్లకు వదిలేశాను.

పాతబస్తీలో బేకరీలో పనిచేసే తండ్రి కూతురు సయ్యదా సల్వా ఫాతిమా పైలట్ అయినప్పుడు మనమంతా మురిసిపోయాం. నేనూ రాశాను. కమర్షియల్ లైసెన్స్ కావాలంటే మన దేశంలో 200 గంటలు ఎగరాలి. ఒక్కో గంటా డబ్బే. ఇల్లు తాకట్టు పెట్టి, స్కాలర్‌షిప్ కోసం తిరిగి, ఎవరో దర్దమంద్ మనుషులు చెయ్యందిస్తే తప్ప మన మొహల్లాల పిల్లలకు ఆ గంటలు పూర్తి కావు. ఆ 200 గంటల్లో ఏదో ఒక రోజు గాలి పక్కనుంచి వస్తుంది. ముందుసీటు వార్త రాసే మనం, ఆ రోజు ఏం రాస్తామన్నదే అసలు ఇమ్తిహాన్.

“అంటే ఎవరి మీదా కసూర్ వేయొద్దా? అందర్నీ మాఫ్ చేసేయాలా?” అని మీరు అడగొచ్చు. కాదు. మన ఫిఖ్‌హ్‌లోనే జవాబ్ ఉంది. ప్రాణం పోయిన కేసులో కూడా ఫిఖ్‌హ్ అమ్ద్‌నూ ఖతానూ విడదీస్తుంది. కావాలని చేసినది వేరు, చెయ్యి జారి అయినది వేరు. అయితే ఖతా అన్నంత మాత్రాన లేచి చేతులు దులుపుకుని పోనివ్వదు. దియత్ ఉంటుంది, కఫ్ఫారా ఉంటుంది. శిక్ష లేకపోవచ్చు, జిమ్మేదారీ పోదు. తాగి విమానం ఎక్కినవాడిదీ, చేయని రిపేర్ చేసినట్టు రాసినవాడిదీ, ఎగరని గంటలు లాగ్‌బుక్‌లో ఎక్కించినవాడిదీ ఖతా కాదు. వాళ్లను కానూన్ చూసుకోవాలి. దిగాక కాళ్లు ఒక్క క్షణం ఢీలా వదిలిన పంతొమ్మిదేళ్ల వాడిని వాళ్ల వరసలో నిలబెట్టొద్దన్నదే నా మాట.

మరి వాడి కఫ్ఫారా ఏమిటి? జరిగింది జరిగినట్టు చెప్పడం. పైలట్ ఇవ్వగలిగిన అతి ఖరీదైన కఫ్ఫారా అదే. ఎందుకంటే అది ఇంకొకడి ప్రాణం కాపాడుతుంది. 1974 డిసెంబర్ 1న వాషింగ్టన్ డల్లస్ ఎయిర్‌పోర్టుకు దిగడానికి వస్తున్న టీడబ్ల్యూఏ 514 కొండను ఢీకొంది. 92 మంది పోయారు. దానికి కొన్ని వారాల ముందే ఇంకో కంపెనీ విమానం అక్కడే అదే గలతీ చేసి వెంట్రుకవాసిలో బయటపడింది. ఆ పైలట్లు తమ కంపెనీకి చెప్పారు, కంపెనీ తన పైలట్లను హెచ్చరించింది. కబురు టీడబ్ల్యూఏ దాకా మాత్రం చేరలేదు. ఆ సబక్ నుంచి 1976లో నాసా ఆధ్వర్యంలో ఒక ఏర్పాటు మొదలైంది. పైలట్ తన ఖతాను తానే రాసి పంపొచ్చు. పేరు తీసేస్తారు. కావాలని చేసింది కాకపోతే, నేరం లేకపోతే, పది రోజుల్లోగా పంపితే జరిమానా నుంచి హిఫాజత్ ఉంటుంది. ఇప్పటికి లక్షల రిపోర్టులు వచ్చాయి. చెప్పినవాడిని కొట్టకపోతే మనుషులు చెప్తారు. ఇంత సాదా మాట.

మన దగ్గర చెప్పినవాడి గతి ఏమిటి? క్లబ్ పేరు పోతుందని క్లబ్‌కు భయం. ఫీజు పెరుగుతుందని, రిష్తా రాదని, బస్తీలో నవ్వుతారని ఇంట్లో భయం. రేపు పేపర్లో ‘నిర్లక్ష్యం’ అని వస్తుందని అందరికీ భయం. కాబట్టి చిన్న జారుడు జరిగితే విమానాన్ని మెల్లగా మళ్లీ రన్‌వే మీదికి తెచ్చుకుని నోరు మూసుకుంటారు. తర్వాతివాడు అదే చోట, అదే గాలిలో, అంతకంటే గట్టిగా జారుతాడు. ఆ రెండోవాడి దెబ్బలో మా హెడ్డింగ్ వాటా కూడా ఉంటుంది.

అందుకని నా తోటి సహాఫీలకు ఒక గుజారిష్. తహ్‌కీకాత్ మొదలుకాక ముందే ‘నిర్లక్ష్యం’ రాయకండి. ‘రన్‌వే పక్కకు పోయింది, కారణం తెలియాలి’ అని రాస్తే ఏ పేపరూ మునిగిపోదు. ట్రైనింగ్ పిల్లల పేర్లు హెడ్డింగ్‌లో వద్దు. రిపోర్టు వచ్చిన రోజు, అది రెండేళ్ల తర్వాత వచ్చినా సరే, పై పేజీలు చదివి మళ్లీ రాయండి. అమ్మీ అబ్బాలకు ఇంకో మాట. పిల్లాడు ఇంటికొచ్చి ఇవాళ జారింది అంటే, ఎందుకు జారావ్ అని కాదు, ఎలా జారింది బేటా అని అడగండి. ఎందుకు అంటే వాడు సఫాయీ చెప్పుకుంటాడు. ఎలా అంటే జరిగింది చెప్తాడు.

ఆ అబ్బాయి తర్వాత ఎగరలేదు. నా వార్త వల్లే అనను, ఇంట్లో పైసలు కూడా అయిపోయాయి. ఇప్పుడు దమ్మామ్‌లో ఒక వేర్‌హౌస్‌లో సూపర్‌వైజర్. ఈద్‌కు ఫోన్ చేస్తాడు. వాళ్ల అబ్బా ఇప్పుడు లేరు. ఆ కటింగ్ వాళ్లింట్లో ఇంకా ఉందో లేదో నేనెప్పుడూ అడగలేదు.

నేను ఆ పేపర్ మానేసి చాలా ఏళ్లయింది. ఆ వార్తకు సవరణ మాత్రం ఎప్పుడూ పడలేదు. అది వాడి ఖతా, నాది కసూర్. నా సవరణ ఇదే.